లెక్కకెక్కని పూవు

నల్లమలలో పులుల లెక్క నాలుగేండ్ల కొకమారు జరుగుచున్నది. సంతోషమే. కాని ఆ పులి నీరు త్రాగు వాగు గట్టున పూచు పూవుల లెక్క యెవరి పద్దులో నున్నది?

నేలవేమునకు చుట్టమై, నల్లమల పేరనే శాస్త్రనామమును బడసిన ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా యను మొక్క కలదు. మన కొండ పేరు లాటిను నోట పలుకుచున్నది. మన బడిపిల్లలలో నెందరు దాని నెరుగుదురు? సామర్లకోటలో 1781 మొదలు పనిచేసిన రాక్స్‌బర్గు దొర మొక్కలకు తెలుగు పేళ్లడిగి వ్రాసికొనెను. పరాయివాని కున్న యా శ్రద్ధ మనకు లేకుండుట సిగ్గుచేటు.

చట్టము లేదా యందురేమో. 1972 నాటి వన్యప్రాణి చట్టమున 1991లో మొక్కల కొక యధ్యాయము చేరినది; నాటి పట్టికలో నారు పద్దులే. అభయారణ్యమున తక్కిన మొక్కలకును రక్షణ కలదు, నిజమే. అయినను దస్తావేజు లేని హక్కు కచ్చేరీలో నిలువనట్లే, ఎచ్చట నెన్ని యున్నవో వ్రాయబడని మొక్క, బాటయో కట్టయో వచ్చిననాడు లేనిదానితో సమానము.

వేసవిలో నొకదినము జీపులో తిరిగి వచ్చుట పరిశీలన కాదు. వానలు వెలిసిన పిదప, పూత కాలమున, చెంచులను ముందిడుకొని వాగు వెంబడి నడువవలయును. చూచిన తావునకే మరుసటేడును పోవలయును. పూవు కానరానినాడు ఆ సంగతియు వ్రాయవలయును. దొరికిన తావును మాత్రము పత్రికల కెక్కింపరాదు. పెరికికొనిపోవువారును పత్రికలు చదువుదురు!

అటవీశాఖవారు పిలిచినచో కళాశాల విద్యార్థులు రాకపోరు. పిలుపు వచ్చులోపల కోడుమూరు ప్రక్క హంద్రి గట్టున మొదలుపెట్టుటకు మేము సిద్ధముగా నున్నాము. ఇసుక బండ్ల చక్రముల క్రింద నేమేమి మిగిలినదో ముందు చూచెదము.