రెండు జాబితాల నడుమ

శంషాబాద్ విమానాశ్రయంలో సాగనంపడానికి వచ్చినవాళ్ల మాటలు వింటే, అమెరికా రాజకీయం మన పక్క మండలం వ్యవహారమే అనిపిస్తుంది. "ట్రంప్ మల్ల కొత్తది ఏమన్న దెచ్చిండా?" అని ఆరా తీసే పెద్దాయనకు హెచ్‌-1బి లాటరీ తెలుసు, వీసా బులెటిన్ తెలుసు, గ్రీన్‌కార్డుల్లో ఒక దేశానికి ఏడు శాతం మించకూడదన్న లెక్కా తెలుసు. మొన్నటిదాకా ఉన్న వార్డు కౌన్సిలర్ పేరు అడిగితే మాత్రం భార్య వంక చూస్తారు.

తప్పు పట్టలేం. కౌన్సిలర్ పని మోరీ దాకా. వాషింగ్టన్‌లో ఒక సంతకం ఇల్లంతా కదిలిస్తుంది. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్‌-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లన్నారు. అమలు 21 నుంచి. మనకది ఎంగిలిపూల బతుకమ్మ రోజు. సెలవు మీద వెళ్లినవాళ్లు వెంటనే తిరిగి రావాలని పెద్ద కంపెనీలు మెయిళ్లు పంపాయి. ఇది కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు కాదని వైట్‌హౌస్ చెప్పింది గానీ, అప్పటికి ఒక రోజు గడిచిపోయింది.

ఇంత జరిగినా అమెరికా వెళ్లిన మన పిల్లలకు అక్కడ ఓటు లేదు. పౌరసత్వం రావాలి, అంతకుముందు గ్రీన్‌కార్డు రావాలి. మరి ఇక్కడ? కాగితం మీద ఉంది. విదేశాల్లోని భారత పౌరులు ఓటర్లుగా నమోదు కావచ్చని 2010లో చట్టం సవరించారు. ఫారం 6ఎ నింపితే చాలు. ఓటు వేయడానికి మాత్రం పాస్‌పోర్టు పట్టుకుని సొంతూరి పోలింగ్ కేంద్రానికి రావాల్సిందే. 2024 లోక్‌సభ ఎన్నికలకు నమోదైన ప్రవాసులు లక్షా 19 వేల పైచిలుకు. ఓటేసినవాళ్లు 2,958 మంది. అందులో 2,670 మంది కేరళవాళ్లే.

అమెరికా పౌరులు ఏ దేశంలో ఉన్నా బ్యాలెట్ తెప్పించుకునే హక్కు 1986 నాటి చట్టంలోనే ఉంది. కూతురి దగ్గర ఏళ్లపాటు ఉండి అక్కడి పౌరసత్వం తీసుకుని తిరిగొచ్చిన నాయనమ్మ శంషాబాద్ కాలనీలో కూర్చుని వాళ్ల అధ్యక్షుడికి ఓటేయవచ్చు. భారత పాస్‌పోర్టుతో చికాగోలో ఉన్న మనవడు అక్కణ్నుంచి ఇక్కడి ఎమ్మెల్యేకు వేయలేడు.

అక్కడ మనవాళ్లు గెలిస్తే మురిసిపోతాం. 2024లో జె.డి. వాన్స్ ఉపాధ్యక్షుడిగా గెలిస్తే ఆయన భార్య ఉషా వాన్స్ పూర్వీకుల ఊరు వడ్లూరులో పూజలే చేశారు. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నరయ్యారు. ఆమె రాజకీయాల్లోకి రాకముందు ఒక కౌంటీ రవాణా శాఖలో ఇంజినీరు. రోడ్లు, కూడళ్లు చూసుకునే కొలువు. మన లెక్కలో మోరీ స్థాయి వ్యవహారమే.

మళ్లీ మన ఓటు సంగతికి వస్తే, ప్రవాసులకు ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్ ఇవ్వవచ్చని ఎన్నికల సంఘం 2020 నవంబరులోనే ప్రతిపాదించింది. సైనికులకు ఇప్పటికే నడుస్తున్న పద్ధతి లాంటిదే. అది అమలుకు వస్తే ముందుగా అందాల్సింది అమెరికా వాళ్లకు కాదు. ఇదే విమానాశ్రయం నుంచి గల్ఫ్‌కు వెళ్లే జగిత్యాల, నిజామాబాద్ కూలీలకు. ఎన్నేళ్లు చాకిరీ చేసినా వాళ్లకు అక్కడ పౌరసత్వం రాదు. ఓటు కోసం టికెట్ కొనుక్కుని రావడం వాళ్ల జీతంలో అయ్యే పనీ కాదు.