వన్స్‌మోర్ ఎవరికోసం?

నెల్లూరు కోస్తా పల్లెల్లో తిరునాళ్లకు పద్యనాటకం ఆడితే, నాటకాన్ని మించిన తగాదా తెర ముందు నడుస్తుంది. “అద్దంకి శ్రీరామమూర్తితో, కల్యాణం రఘురామయ్యతో ఆ రాగం పోయింది” అని పాత రసికులు పెదవి విరుస్తారు. సెల్‌ఫోనులో విన్న ముక్క పట్టుకొని వచ్చిన కుర్రవాళ్లు, నటుడు దమ్ము ఎంతసేపు నిలిపితే అంత గొప్ప అంటారు. ఇద్దరి కొలతా తప్పే.

పాతవారిలో ఎందరికో కొలబద్ద గ్రామఫోను ప్లేటు. 78 వేగం ప్లేటు ఒక పక్క పాడేది సుమారు 3 నిమిషాలు. తెల్లవార్లూ సాగే నాటకంలో రాగం ఎంత తీయాలో నటుడికి చెప్పేది హార్మోనియం, ఎదుటి పాత్ర, ఆ రాత్రి కూడిన జనం. ఆ జనం ప్లేటులో లేరు, సెల్‌ఫోను ముక్కలోనూ లేరు. తాతా మనవడూ ఒకే తప్పు చేస్తూ ఒకరినొకరు తిట్టుకుంటున్నారు.

సంప్రదాయం చెడిందనేవారికి ఒక ప్రశ్న. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర కాటిసీనులోకి జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలు ఎలా వచ్చాయి? నటులు రంగం మీద పాడారు, జనం ఒప్పుకున్నారు. అంటరానితనం అనుభవించిన కవి పద్యాలు లేకపోతే కాటిసీనే కాదని నేడు ఆ రసికులే అలుగుతారు! సంప్రదాయాన్ని బ్రతికించింది మార్పును అడ్డగించినవారు కాదు, దాన్ని జీర్ణించుకున్న జనం.

అంతమాత్రాన కొత్త చప్పట్లన్నీ న్యాయం కావు. కొడుకు శవం ముందు చంద్రమతి ఏడుస్తుంటే వన్స్‌మోర్ కేక వేయడం శోకాన్ని సర్కసు చేయడమే. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని పాత్రను ముక్కలు చేసి పందెం పెట్టే కాంట్రాక్టుకు ఈ కేకలే పెట్టుబడి.

చందా ఇచ్చేవారిలో వల లాగేవాడున్నాడు, రొయ్యలగుంట కూలీ ఉన్నాడు, నాట్లు వేసే మనిషి ఉంది. తీర్పు మాత్రం ముందువరస కుర్చీలది. వన్స్‌మోర్లతో పొద్దుపోయి, తెల్లవారి పనికి పోవలసినవారు చివరి రంగం చూడకుండానే లేచిపోతారు. అదీ తీర్పే. దాన్ని లెక్కపెట్టేవారేరీ?

ఇక పద్యనాటకం భూస్వామ్య అవశేషమని తోసేసే అభ్యుదయవాదులకు ఒక మాట. 1943లో ఏర్పడ్డ ప్రజానాట్యమండలి బుర్రకథను పాతదని పారేయలేదు. షేక్ నాజరు వంటివారి గొంతుతో దాన్ని ప్రజల పోరాటానికి మళ్లించింది. మనం వదిలిన పందిరిని కాంట్రాక్టరు ఆక్రమిస్తాడు.

నాటకానికి పోదాం. పద్యం అర్థమయిందా, పాత్ర మనసు తెలిసిందా అని వెనక చాప మీద కూర్చున్నవారిని అడుగుదాం. విమర్శ అక్కడ మొదలు కావాలి.