కోఠీలోని రెసిడెన్సీ మందిరము

హైదరాబాదు నగరమున మూసీనది కుత్తరముగా నున్న రెసిడెన్సీ మందిరమును మన పాఠకులలో ననేకులు చూచియే యుందురు. దానిని కట్టించినవాడు కర్క్‌పాట్రిక్ అను నాంగ్లేయుడు, సొమ్మిచ్చినవాడు నిజాము, ఆ సొమ్మును చెమటోడ్చి చెల్లించినవారు రైతులు.

సుమారు 1803లో నారంభమైన యీ కట్టడమునకు నమూనా వ్రాసినవాడు మద్రాసు సైన్యమునందలి యింజనీరు శామ్యూల్ రస్సెల్. ముందుభాగమున రెండంతస్తుల యెత్తున నారు కొరింథియన్ స్తంభములు, వానిపైని త్రికోణమున కుంపిణీవారి రాజచిహ్నము, మెట్ల కిరుప్రక్కల సింహములు. లోపల విశాలమైన దర్బారుశాల. రెండు పాయలుగా చీలి మీదికేగు సోపానము. రాయి మలచిన చేతులు మాత్రము మనవే. ఆ పనివారి పేళ్లను వ్రాసియుంచవలెనని యెవరికిని తోచలేదు.

ఈ స్థలమును గూర్చి మాల్కం దొర యొక కథ వ్రాసినాడు. పెద్ద కాగితముమీది పటమును చూచి, యిది మా రాజ్యపటమంత యున్నదని నిజాము నిరాకరించెనట. అదే పటమును చిన్న చీటిపై గీసి చూపగా సమ్మతించెనట! నవ్వుకొనుటకు బాగుగనే యున్నది. కాని చిన్న కాగితముపై పెద్ద భూమి పోవుట అది మొదలు కాదు. 1800లో నీ కర్క్‌పాట్రిక్ కుదిర్చిన సంధివలననే బళ్లారి, కడప, అనంతపుర ప్రాంతములు కుంపిణీవారి పాలై 'దత్తమండలము' లనిపించుకొన్నవి. 1928లో రాయలసీమ యను పేరు పెట్టుకొనువరకు నా సీమవారు ఆ ముద్రను మోయవలసి వచ్చెను. మందిరమును చూడవచ్చువారు కర్క్‌పాట్రిక్, ఖైరున్నీసా బేగముల ప్రణయగాథనే యడుగుదురు. మాకు దానిపై విముఖత లేదు. సంధికథ యడుగువారు లేరనియే మా విచారము.

1857 జూలై 17వ తేదీన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ అనువారు రొహిల్లాలను వెంటబెట్టుకొని యీ మందిరముపై దాడి వెడలిరి. ఫిరంగులముందు వారి ప్రయత్నము విఫలమయ్యెను. మౌల్వీని అండమానునకు పంపిరి. తుర్రేబాజ్ ఖాన్ చెరనుండి తప్పించుకొనియు 1859లో చంపబడెను. సింహములు చాలవని తోచెను కాబోలు, ఆ పిమ్మట ప్రాకారమును బలపరచిరి.

పరప్రభుత్వ చిహ్నమని దీనిని ఉపేక్షింపవలెనను వారితో మే మేకీభవింపజాలము. మన ధనముతో కట్టిన యిల్లు మనది. 1949లో మహిళా కళాశాల యిందు ప్రవేశించుటతోనే దాని దాస్యము తీరినది. నేడది చాకలి ఐలమ్మ పేరిట విశ్వవిద్యాలయము. రెసిడెంట్లు దర్బారు తీర్చిన చోట, భూమికై దొరల నెదిరించిన స్త్రీ నామము నిలిచినది.

వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తోడ్పాటుతో జరిగిన మరమ్మతుల పిదప 2023లో మందిరము మరల తెరువబడెను. సున్నపు పని యొకసారి చేసి విడుచునది కాదు. ఏటేట వర్షములకు ముందే పైకప్పును, నీటిదారులను పరీక్షించుటకు ప్రభుత్వము ప్రత్యేకముగా ద్రవ్యము కేటాయింపవలెను. కుంపిణీ చిహ్నమును చెరుపవలదు. దాని క్రిందనే 1800 నాటి సంధి షరతులను, 1857 నాటి యిరువురి పేళ్లను, చదువవచ్చిన ప్రతి బాలికకు కనబడునట్లు పెద్ద తెలుగక్షరములతో వ్రాయింపవలెను.