అడిగేదాకా గుర్తురాని మనిషి

నాజీ మారణహోమంలో మృత్యువుకి ఎదురు నిలిచిన యూదు మతగురువుల గురించి ఈమధ్య ఒక సెమినార్‌లో రెండు గంటలు విన్నాను. వార్సా ఘెట్టోలో తన ప్రసంగాలను భూమిలో దాపెట్టించిన రబ్బీ షపీరా, డెబ్భై ఏళ్ళ వయసులో టెరెజిన్ శిబిరంలో ఉపన్యాసాలిచ్చిన రబ్బీ లియో బెక్... గొప్పవాళ్ళే, నా పేచీ వాళ్ళ గొప్పతనంతో కాదు. "రెజీనా జోనస్ మాటేమిటి?" అనడిగితే వక్తగారు "ఆవిడ మినహాయింపు కదమ్మా" అన్నారు. మినహాయింపుట!

రెజీనా 1902లో బెర్లిన్‌లో పుట్టింది. స్త్రీ రబ్బీ కావచ్చునా అన్న ప్రశ్న మీదే 1930లో సిద్ధాంతవ్యాసం రాసింది. కావచ్చునని పండితులు తమ సొత్తనుకునే మతగ్రంథాల్లోంచే వాదించింది. అయినా ఐదేళ్ళు ఆగాల్సొచ్చింది. 1935లో రబ్బీ మాక్స్ డీనెమాన్ ఆమెకి రబ్బీ పట్టా ఇచ్చాడు. అప్పుడూ పని వృద్ధాశ్రమాల్లో, ఆసుపత్రుల్లో, బడుల్లోనే. మగ రబ్బీలు నిర్బంధాల పాలయ్యీ, దేశం వదిలీ పోయాకే ఆమెకి చాలాచోట్ల ప్రసంగవేదికలు దొరికాయి. ఇల్లు తగలబడుతున్నప్పుడు ఆడదాని చేతికి తాళాలివ్వడమంటే ఇదే.

1942 నవంబర్‌లో తల్లితో పాటు ఆమెనీ టెరెజిన్‌కి తరలించారు. అక్కడ మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్‌తో కలిసి, రైలు దిగే కొత్తవాళ్ళు ఆ దిగ్భ్రాంతిలో కూలిపోకుండా పట్టుకునే పని చేసింది. ఆమె చేతిరాతలో 24 ఉపన్యాసాల జాబితా మిగిలింది. 1944 అక్టోబర్‌లో ఆష్‌విట్జ్‌కి పంపారు. అక్కడే చంపేశారు.

బెక్, ఫ్రాంకెల్ బతికారు. ఎంతో రాశారు. ఆ రాతల్లో ఆమె లేదు. అంత నరకం చూసొచ్చిన వాళ్ళని నిలదీయడానికి నేనెవర్నని చాలాకాలం వెనకాడాను. కానీ నేనడిగేది శిబిరం రోజుల గురించి కాదు, తర్వాత బల్ల ముందు కూర్చుని రాసుకున్న ఏళ్ళ గురించి. 1972లో అమెరికాలో సాలీ ప్రీసాండ్ రబ్బీ అయితే ప్రపంచం ఆమెనే మొట్టమొదటి మహిళా రబ్బీ అనుకుంది!

మట్టిలోని షపీరా కాగితాలు 1950లో బయటపడి, 1960కల్లా పుస్తకమయ్యాయి. ఆర్కైవ్‌లో భద్రంగా ఉన్న రెజీనా కాగితాలను 1991లో కాథరీనా ఫాన్ కెలెన్‌బాఖ్ అనే పరిశోధకురాలు తూర్పు బెర్లిన్‌లో తెరిచి చూసేదాకా అడిగినవాళ్ళు లేరు. గోడ అడ్డమంటారు. కాగితాలకి అడ్డమే, జ్ఞాపకానికి కూడానా? ఆమే వెళ్ళి ఫ్రాంకెల్‌ని అడిగితే, రెజీనా గుర్తుందనే చెప్పాడాయన.

వక్తగారు తన వ్యాసం పుస్తకంలో వస్తోందనీ, రెజీనా పేరు ఫుట్‌నోట్‌లో చేరుస్తాననీ కబురు పెట్టారు. ఫుట్‌నోట్ వద్దని ఉత్తరం రాశాను.