యాభై నిండితే ఎవరి సరసన కూర్చోవాలి?

వయస్సును దాచుకోవడం మన సంప్రదాయం కాదు. గర్భాష్టమంలో ఉపనయనం, అరవయ్యో ఏట ఉగ్రరథ శాంతి, డెబ్బయ్యో ఏట భీమరథ శాంతి, ఎనభై దాటాక సహస్రచంద్ర దర్శన శాంతి అంటూ మన పెద్దలు ఆయుర్దాయంలోని ప్రతి మలుపునూ ఒక పుణ్యదినంగా మలిచారు. యాభయ్యో ఏటికి వైష్ణవీ శాంతి అని శాంతి గ్రంథాలలో ఉంది కానీ, దానిని చేయించుకునేవారు మన వైపు అరుదు. మన భాష సైతం వయస్సును దాచదు. నలభై దాటినవారికి దగ్గరి అక్షరాలు మసకబారితే తెలుగువారు దానికి 'చత్వారం' అని పేరు పెట్టారు. నలభై అనే సంస్కృత సంఖ్యే ఆ మాటలో ఉంది.

ఇంతటి సంప్రదాయంలో పుట్టినవారు నేడు యాభై అనే మాట వినగానే ఉలిక్కిపడుతున్నారు. ఆలయానికి వచ్చే గృహస్థులు కొందరు ఇటీవల నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే. "పంతులుగారూ, మా కాలనీలో వయోవృద్ధుల సంఘంలో చేరమంటున్నారు. ఇప్పటినుంచే ముసలివాళ్ల జాబితాలో పేరు రాయించుకోవాలా?" అమెరికాలో స్థిరపడిన ఒక భక్తుడికి యాభై నిండగానే అక్కడి పెద్దల సంస్థ నుంచి సభ్యత్వ ఆహ్వానం ఇంటికి వచ్చిందట. దానిని చూసి ఆయన నవ్వాలో ఏడవాలో తెలియలేదన్నాడు. ఇంకొందరి సందేహం మరో రకమైనది. "ఈ వయస్సులో భగవన్నామం చాలదా? మళ్లీ సంఘాలు, సభ్యత్వాలు, రసీదులు ఎందుకు?" అని వారు అడుగుతారు. మొదటి సందేహం అభిమానం వల్ల పుట్టింది. రెండవది వైరాగ్యమని అనుకునేది. రెండింటికీ శాస్త్రం వైపు నుంచి సమాధానం చెప్పవలసి ఉంది.

నూరేళ్ల ఆయుర్దాయాన్ని నాలుగు భాగాలు చేసి, యాభైతో వానప్రస్థం మొదలవుతుందని మనం చెప్పుకుంటాం. కానీ మనుస్మృతి ఇక్కడ సంఖ్యను చెప్పలేదు, గుర్తులను చెప్పింది. చర్మం ముడతలు పడడం, తల నెరవడం, సంతానానికి సంతానం కలగడం చూచినప్పుడు గృహస్థుడు వనం వైపు చూడాలన్నది. కాళిదాసు రఘువంశంలో దశరథుని చెవి దగ్గర నెరిసిన వెంట్రుక ఒకటి రాముడికి రాజ్యం అప్పగించమని రహస్యంగా చెప్పినట్లు వర్ణించాడు. ఆ రహస్యాన్ని వినగలిగినవాడు కనుకనే దశరథుడు పట్టాభిషేకానికి పూనుకున్నాడు. వినడానికి ఇష్టపడని యయాతి మాత్రం కుమారుడైన పూరువు యౌవనాన్ని అరువు తెచ్చుకున్నాడు. అనుభవించిన కొద్దీ కోరిక పెరుగుతుందే కాని తరగదని చివరకు తెలుసుకుని, ఆ యౌవనాన్ని తిరిగి ఇచ్చివేశాడు. నెరిసిన జుట్టుకు రంగు వేసుకోవడం తప్పని నేను అనను. ఆ వెంట్రుక చెప్పవచ్చిన మాటను కూడా రంగుతో కప్పివేస్తేనే నష్టం.

ఇక వానప్రస్థమంటే ఏకాంతమనే అభిప్రాయం మన ఇళ్లలో బలంగా ఉంది. అది సరికాదు. సర్వసంగ పరిత్యాగం సన్న్యాసికి విధించినది. వానప్రస్థుడు భార్యను వెంట తీసుకుని వెళ్లవచ్చు. అగ్నిని వెంట తీసుకుని వెళ్లాలి. పంచమహాయజ్ఞాలను అక్కడ కూడా విడువరాదు. ఆ అయిదింటిలో అతిథిని ఆదరించే మనుష్యయజ్ఞం ఒకటి. అడవిలో ఉన్నవాడికి సైతం మరొక మనిషిని ఆదరించే విధి తప్పలేదంటే, అపార్టుమెంటులో ఉన్నవారికి తప్పుతుందా?

మహాభారతంలోని ఆశ్రమవాస పర్వాన్ని ఒకసారి స్మరించుకోవాలి. తిక్కన సోమయాజి తెనిగించిన పర్వాలలో ఇదీ ఒకటి. యుద్ధం ముగిశాక ధృతరాష్ట్రుడు పదిహేనేళ్లు ధర్మరాజు నీడలో గడిపాడు. తిండికి, గౌరవానికి లోటు లేదు. అయినా భీముడి ములుకుల వంటి మాటలు ఆయనను కుంగదీశాయి. చివరకు అడవికి బయలుదేరినప్పుడు ఆయన ఒంటరిగా వెళ్లలేదు. గాంధారి, కుంతి, విదురుడు, సంజయుడు వెంట ఉన్నారు. కురుక్షేత్రంలో వారు చేరినది శతయూపుని ఆశ్రమం. ఆ శతయూపుడు ఒకప్పుడు కేకయ దేశపు రాజు. కుమారుడికి రాజ్యమిచ్చి తమకంటే ముందే వనానికి వచ్చినవాడు. వ్యాసుని ఆజ్ఞతో ఆయనే ధృతరాష్ట్రుడికి వనవాస నియమాలను బోధించాడు. అదే దారిలో ముందు నడిచినవాడు వెనుక వచ్చినవాడికి తోవ చూపడమే అక్కడ జరిగింది. పెద్దల సంఘం చేయవలసిన పని కూడా ఇదే. ఇంట్లో అన్నీ అమరినా వయస్సు మళ్లినవారికి తమ ఈడువారి మాట అవసరమవుతుందని కూడా ఆ కథ చెబుతున్నది.

అమెరికా సంస్థ పుట్టుకలోనూ ఇటువంటి కరుణే కనిపిస్తుంది. ఎథెల్ పెర్సీ ఆండ్రస్ అనే విశ్రాంత ప్రధానోపాధ్యాయిని, తన వంటి ఉపాధ్యాయిని ఒకరు గతిలేక కోళ్ల గూడులో కాలం గడుపుతుండగా చూసి కదిలిపోయారని ఆ సంస్థ చరిత్రలో చెప్పుకుంటారు. ఆమె 1947లో విశ్రాంత ఉపాధ్యాయుల సంఘాన్ని, 1958లో అన్ని వృత్తుల పెద్దల కోసం ఏఏఆర్‌పీని స్థాపించారు. అక్కడ యాభై నిండినవారికి పూర్తి సభ్యత్వం ఇస్తారు. ఇంట్లో ఒకరు చేరితే రెండవవారికి విడిగా రుసుము లేదు. ఆ ఆహ్వానంతో పాటు బీమా, ప్రయాణ రాయితీల ప్రకటనలు కూడా వస్తాయి. వాటిని చూసి చేరాలా వద్దా అనేది వారి వారి అవసరాన్ని బట్టి ఉంటుంది. మన ఆహ్వానితుడు కాగితంలోని రాయితీల పట్టికను చూశాడు. దాని వెనుక ఉన్న కోళ్ల గూడు ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మన దేశంలో చట్టం దృష్టిలో యాభై ఏళ్లవాడు వృద్ధుడు కాడు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం, 2007 ప్రకారం అరవై నిండినవారే వయోవృద్ధులు. తిరుమలలో వయోవృద్ధుల దర్శనానికి అరవై అయిదు నిండాలి. ఆయుష్మాన్ భారత్ కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా అయిదు లక్షల రూపాయల వైద్య సదుపాయం 2024 అక్టోబరు నుంచి డెబ్బై నిండినవారికి విస్తరించింది. కనుక యాభయ్యో ఏట సంఘంలో చేరేవాడికి రాయితీలుగా దక్కేది స్వల్పం. సరిగ్గా అందువల్లనే ఆ వయస్సులో చేరడం మేలని నా అభిప్రాయం. పుచ్చుకోవడానికి ఏమీ లేనప్పుడు చేరినవాడు ఇవ్వడానికి చేరినట్లు లెక్క.

అతడు ఇవ్వగలిగినది చాలా ఉంది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో జీవన ప్రమాణ పత్రం సమర్పించాలి. 2014 నుంచి దానిని కంప్యూటరు ద్వారా పంపే ఏర్పాటు ఉంది, ఇప్పుడు సెల్‌ఫోనులో ముఖం చూపి కూడా పంపవచ్చు. ఎనభై ఏళ్ల పెద్దావిడకు ఆ ఫోను పట్టుకోవడమే కష్టం. యాభై ఏళ్లవాడికి అది పది నిమిషాల పని. నేను పైన చెప్పిన 2007 చట్టంలో మరొక సంగతి ఉంది. బిడ్డల నుంచి పోషణ కోరే వృద్ధుడు తానే స్వయంగా అర్జీ పెట్టుకోలేని స్థితిలో ఉంటే, అతడు అధికారమిచ్చిన వ్యక్తి గాని, నమోదైన స్వచ్ఛంద సంస్థ గాని అతడి తరఫున అర్జీ పెట్టవచ్చు. బిడ్డ మీద అర్జీ రాయడానికి ఏ తల్లి చేయి ఆడుతుంది? అటువంటప్పుడు ముందుగా ఇంటికి వెళ్లి కొడుకుతో నెమ్మదిగా మాట్లాడేవారు, మాట వినకపోతే తల్లి పక్షాన నిలిచేవారు కావాలి. 14567 అనే వయోవృద్ధుల సహాయ ఫోను నెంబరు ఉన్నదని చెప్పేవారు కావాలి. మానవసేవ గురించి మనం ప్రవచనాలలో తరచూ వింటాం. ఆచరణలో దాని రూపం ఇలాగే ఉంటుంది.

భగవన్నామం చాలదా అన్నవారికి నా మనవి ఒకటి. నామం చాలును, సందేహం లేదు. కానీ అర్చకుడిగా నేను రోజూ చూసేది చెబుతున్నాను. ప్రదక్షిణలు ముగిశాక మండపం మెట్ల మీద కూర్చుని, హారతి అయిపోయినా ఇంటికి కదలని పెద్దలు ఉంటారు. స్వామి వారి మొర వింటాడు. అయితే మోకాలి నొప్పికి ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లాలో చెప్పి, ఆటో పిలిచి ఎక్కించడానికి స్వామి మనుషుల చేతులనే వాడుకుంటాడు. నాలుగు రోజులు గుడికి రాని మనిషి ఏమయ్యాడని తలుపు తట్టి చూసేవారు ఉండాలి. అందుకు పేర్లు, చిరునామాలు రాసి ఉన్న పుస్తకం ఒకటి కావాలి. దానినే లోకం సభ్యత్వ పట్టిక అంటున్నది.

ప్రతి సంఘమూ చేరదగినదే అని చెప్పడం నా ఉద్దేశం కాదు. చేరే ముందు కొన్ని చూసుకోవాలి. సంఘం చట్టప్రకారం నమోదైనదా? జమాఖర్చులను ఏటా సభ్యుల ముందు పెడుతున్నారా? పదవుల కోసం వర్గాలు కట్టి కొట్లాడుకుంటున్నారా? పరనిందతో, పేకాటతో పొద్దు పుచ్చే చోటు అయితే యాభైలోనే కాదు, ఎనభైలోనూ దూరంగా ఉండడం మేలు. కులాన్ని, హోదాను చూసి కుర్చీ వేసే చోటు కూడా సత్సంగం అనిపించుకోదు.

మరొకటి గమనించాలి. చాలా సంఘాల సమావేశాలలో పురుషులే కనబడతారు. గాంధారీ కుంతీ లేని శతయూపాశ్రమాన్ని ఊహించలేం. ఇంట్లో జీవితమంతా వంటింటికి అంకితమైన ఇల్లాలికి యాభై దాటాక నలుగురితో కూర్చునే చోటు భర్తకంటే ఎక్కువ అవసరం. భర్తను పోగొట్టుకున్న తల్లికి మరీ అవసరం. కనుక చేరేవారు దంపతులుగా చేరండి. వీధిలోని ఒంటరి తల్లిని మీతో తీసుకుని వెళ్లండి. వారు కూర్చునే వేళలను, చోటును బట్టి సమావేశాలు పెట్టించండి.

పెద్దవాడు అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. ఏళ్లు గడిచినవాడు ఒకటి, నలుగురికి అండగా నిలిచేవాడు మరొకటి. మొదటిది కాలం దానంతట అదే తెచ్చిపెడుతుంది. రెండవదానిని మనమే సాధించుకోవాలి. అరవై అయిదేళ్లకు కాళ్లు సహకరించనప్పుడు మొదలు పెడితే దానికి వ్యవధి చాలదు. ఒంట్లో సత్తువ, సంపాదన, ఫోనులో నలుగురి పేర్లు ఉన్న యాభయ్యో ఏటే దానికి తగిన ముహూర్తం. ఈ ఏడాది యాభై నిండే గృహస్థులు పుట్టినరోజున అర్చన చేయించుకుని, ప్రసాదంతో నేరుగా మీ పేటలోని పెద్దల సంఘానికి వెళ్లండి. సభ్యత్వం ఇప్పుడే ఇస్తే రసీదు తీసుకోండి. వయస్సు చాలదంటే ఇంకా మంచిది, సేవకుడిగా పేరు రాయించుకుని రండి.

అందరికీ పూర్ణాయుష్షు, ఆ ఆయుష్షులో మంచి తోడు ఆ శ్రీమన్నారాయణుడు అనుగ్రహించుగాక.