సగం చలానా

ఆదివారం ఆరాధన ముగిశాక బండ్ల దగ్గర నిలబడి మాట్లాడుకునే మన యౌవనస్థుల నోట ఈ మధ్య ఒక మాట తరచుగా వింటున్నాం. ఓవర్ స్పీడ్ చలానా ఫోనుకు వచ్చిందంటారు. "కట్టేశావా తమ్ముడూ?" అంటే, "తొందరేముంది అయ్యగారూ, ఆగితే సగం తగ్గిస్తారు" అని నవ్వుతారు. బెంగళూరులో ఉన్నవారికి ఈ ధీమా ఊరికే రాలేదు. పెండింగ్ చలానాల మీద కర్ణాటక ప్రభుత్వం 2023 ఫిబ్రవరిలో 50 శాతం రాయితీ ఇచ్చింది. 2025 ఆగస్టులో మళ్లీ ఇచ్చింది. వచ్చిన రోజే మొత్తం కట్టినవాడు వెర్రివాడయ్యాడు, కట్టకుండా తిరిగినవాడు తెలివైనవాడయ్యాడు.

చలానాలన్నీ సర్కారు వసూళ్లే అనేవారి కోపం మాకు అర్థమవుతుంది. గుంతలు పూడ్చకుండా, నడిచేవారికి ఫుట్‌పాత్ మిగల్చకుండా కెమెరా ఒక్కటే పెడితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అయితే ఆ కోపం పేరు చెప్పి వేగాన్ని వెనకేసుకురావడం మాకు సమ్మతం కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 71 మంది అతివేగం వల్ల జరిగిన ప్రమాదాల్లో పోయినవారే. ఆ ఏడాది నడిచి వెళ్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవారు 32 వేలకు పైనే.

ఈ నడిచేవారు ఎవరో మన పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు. బెంగళూరు, చెన్నై వీధులు ఊడ్చే పనిలో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. మన సంఘాల్లో చాప మీద కూర్చుని పాట అందుకునే అమ్మలు, అక్కలు ఎంతోమంది ఆ పనివారే. తెల్లవారక ముందే, వీధి ఖాళీగా ఉన్నప్పుడే వారి పని. వీధి ఖాళీగా ఉంది కదా అని కారు తొక్కేవారికీ అదే సమయం. వంగి చీపురు పట్టుకున్న మనిషికి వెనుక నుంచి వచ్చే బండి కనబడదు. వేగం రెండింతలైతే బ్రేకు వేశాక బండి ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. మన కుర్రాళ్లు సగానికి బేరమాడుతున్నది ఆ దూరం గురించే. వెనక అద్దం మీద యేసు ప్రేమ గురించి స్టిక్కరు, ముందు రోడ్డు దాటుతున్న ముసలాయన మీదికి హారన్ మోత. ఈ రెండూ ఒకే బండిలో చూస్తున్నాం.

జరిమానా లెక్కలోనే ఒక అన్యాయం ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం తేలికపాటి వాహనాల అతివేగానికి 1000 నుంచి 2000 రూపాయలు అంటుంది. కోటి రూపాయల కారుకూ అంతే, అద్దె ఆటోకూ అంతే. ఒకరికి అది హోటల్ బిల్లు, ఇంకొకరికి ఇంటి బియ్యం. ఫిన్లాండ్‌లో వేగం బాగా మించితే ఆదాయాన్ని బట్టి జరిమానా వేస్తారు. 2023లో అక్కడ ఒక ధనవంతుడు 50 దాటకూడని చోట 82లో వెళ్లినందుకు 1,21,000 యూరోలు కట్టాల్సి వచ్చింది. ఇది మనకు కొత్త ఆలోచనేమీ కాదు. లేవీయకాండము 5వ అధ్యాయంలో గొర్రెపిల్లను తేలేనివాడికి రెండు గువ్వలు, అవీ తేలేనివాడికి కొంచెం పిండి చాలు. మనం ప్రభుత్వాలకు ఇచ్చే వినతిపత్రాల్లో ఈ కోరిక ఇంతవరకు లేదు. డెలివరీ పని చేసే మన పిల్లల సంగతీ అందులో చేర్చాలి. తొందర కంపెనీది, చలానా మాత్రం కుర్రాడిది.

2024 మే నెలలో పుణెలో ఖరీదైన కారు గుద్ది మోటారు సైకిల్ మీద వెళ్తున్న ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. కారు నడిపింది 17 ఏళ్ల అబ్బాయని పోలీసులు చెప్పారు. జువెనైల్ బోర్డు గంటల్లోనే బెయిలిచ్చి 300 పదాల వ్యాసం రాయమంది. దేశమంతా మండిపడింది, మనమూ మండిపడ్డాం. మరి పదో తరగతి పిల్లవాడికి బండి తాళం ఇచ్చి "పాలు తెచ్చెయ్ నాన్నా" అనే ఇళ్లు మనలో లేవా? మైనరు బండి నడిపి నేరం చేస్తే 199ఏ సెక్షను కింద తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. పొడిచే ఎద్దు అని హెచ్చరించినా కట్టేయని యజమానిని నిర్గమకాండము 21వ అధ్యాయం కూడా వదిలిపెట్టలేదు.

గుద్దిన బండి దొరకని కేసుల్లో 2022 ఏప్రిల్ నుంచి కేంద్ర పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయల పరిహారం ఉంది. తహసీల్దారుకో సబ్ డివిజనల్ అధికారికో దరఖాస్తు పెట్టుకోవాలి. పోలీసు కాగితాలు కన్నడంలోనో తమిళంలోనో మరాఠీలోనో ఒడియాలోనో ఉంటాయి, మన పెద్దలకు చదవడం రాదు. ఆ భాషల్లో బడికి వెళ్లిన యువత సంఘంలో ఉన్నారు. వచ్చే నెల యూత్ మీటింగులో ఆ ఫారం నింపడం నేర్చుకుంటే, దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లేటప్పుడు బైబిలుతో పాటు దాన్ని కూడా పట్టుకెళ్లవచ్చు.