బడిమాట ఇంటికి చేరవలెను

మన బడిలో పై తరగతుల బాలబాలికలు కొందరు ఈ మధ్య ఒక నూతన ప్రయత్నమునకు పూనుకొన్నారు. తల్లిదండ్రులకును పిల్లలకును ఉపయోగపడునట్టి మొబైలు యాప్ ఒకదానిని తామే ఆలోచించి, తామే నమూనా గీసి, తామే తయారుచేయవలెనని వారి కోరిక. ఈ సంగతి విన్న పెద్దలలో కొందరు “చదువు మాని ఫోనులతో ఆటలేల?” అనిరి. మరికొందరు “మా పిల్లలు గొప్ప ఇంజనీర్లు కాగలరు” అని సంతసించిరి. ఈ రెండును తొందరపాటు మాటలే అని నా అభిప్రాయము. యాప్ చేయుట తప్పు గాదు. దానంతట అది గొప్పయు గాదు. అది ఎవరి కొరకు, ఏ భాషలో, ఏ వేళకు పలుకునో చూచిన పిమ్మటనే దాని మంచిచెడ్డలు తేల్చవలెను.

నిరుడు జరిగిన ఒక చిన్న సంగతి చెప్పెదను. ఒక సాయంకాలము ఒక విద్యార్థిని తల్లి ఫోను చేతబట్టుకొని నాయొద్దకు వచ్చినది. “అయ్యోరూ, దీంట్లో ఏమో వచ్చిండాది, రోంత చూసి చెప్పండి” అని అడిగినది. చూడగా, అది విద్యార్థివేతనమునకు పత్రములు సమర్పింపవలసిన గడువును తెలుపు సందేశము. ఇంగ్లీషులో ఉన్నది. వచ్చి పండ్రెండు దినములైనది. గడువు దాటి నాలుగు దినములైనది. ఆమె ఇంట పలుకునది తెలుగు. బస్సు పలకమీది కన్నడ అక్షరములను కూడబలుకుకొని చదువగలదు. ఇంగ్లీషు ఒక్క ముక్కయు రాదు. పంపిన కార్యాలయమువారి లెక్కలో ఆ సందేశము చేరినట్లే. తల్లికి మాత్రము ఏ మాటయు చేరలేదు. ఆనాడు ఆమె ముఖమున కోపము లేదు, సిగ్గు కలదు. తప్పు తనదే అని ఆమె అనుకొన్నది. నన్ను ఎక్కువగా బాధించినది అదియే.

మన సీమలో ఇట్టి తల్లులు పెక్కుమంది. ఇంట తెలుగు, సంతలోను కార్యాలయములలోను కన్నడము, పొరుగింట ఉర్దూ, కోలారు బంగారు గనుల పట్టణమునకు పోయిన తమిళము – ఇట్లు నాలుగు భాషల నడుమ మన బ్రదుకు సాగుచున్నది. 1956లో భాషాప్రాతిపదికపై రాష్ట్రములు ఏర్పడినప్పుడు, రాజ్యాంగమునకు జరిగిన ఏడవ సవరణము 350-ఎ అధికరణమును చేర్చినది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు చదువు చెప్పు సౌకర్యములు కల్పింపవలెనని దాని భావము. ఆ అధికరణము బడిలోని పిల్లనికి అండ. కాని వాని తల్లిదండ్రుల సంగతియేమి? తెలుగు మాటలాడువారిలో తెలుగు లిపి నేర్చినవారు కొందరే. తక్కినవారిలో కన్నడము మాత్రమే చదువగలవారు కలరు, ఏ లిపియు ఎరుగనివారును కలరు. కావున మన ఇండ్లకును బడికిని అందరికిని అందునట్టి వంతెన ఒక్కటే. అది అక్షరము గాదు, నోటిమాట.

మన పిల్లలు చేయబోవు యాప్ మొదట మాటలాడునదిగా ఉండవలెనని నేను వాదించుట ఇందువలననే. తెర మీద తెలుగు అక్షరములు ఉండనిండు. వాని పక్కన వ్రేలితో తాకినంతనే వినబడు కంఠము ఉండవలెను. తల్లి తిరిగి చెప్పదలచినచో వ్రాయ నక్కరలేకుండ, తన నోట పలికి పంపు వీలు ఉండవలెను.

ఇది నేను క్రొత్తగా కనిపెట్టిన సూత్రము గాదు. ఇందుకు తార్కాణము మన ఊరిలోనే కలదు. బూదికోట యనగానే హైదరాలీ జన్మస్థలమని చరిత్ర పుస్తకములు చెప్పును. నాకు మాత్రము మరియొక చరిత్ర గూడ జ్ఞప్తికి వచ్చును. అది తీగల చరిత్ర. 1902లో కావేరిపై శివనసముద్రమునొద్ద పుట్టిన విద్యుత్తు సుమారు 92 మైళ్ళు తీగల మీదుగా వచ్చి కోలారు గనుల యంత్రములను నడిపినది. అంత దూరము విద్యుత్తును గొనివచ్చుట ఆ కాలమున అబ్బురముగా ఎన్నబడినది. కాని ఆ తీగలు గనుల కొరకు వేసినవే గాని, దారిలోని పల్లెల గుడిసెలలో దీపము వెలిగించుటకు వేసినవి గావు. ఆ గనులును 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి.

రెండవ తీగ మన బూదికోటలోనే లాగబడినది. గాలిలోని ప్రసార తరంగములు ప్రజల సొత్తని సుప్రీముకోర్టు 1995లో తీర్పు చెప్పినను, స్వచ్ఛంద సంస్థలు రేడియో కేంద్రము నడుపుటకు 2006 వరకు అనుమతి దొరకలేదు. ఆ నడిమి కాలమున మైరాడ, వాయిసెస్ అను సంస్థలు యునెస్కో సహాయముతో ఇచ్చట ‘నమ్మ ధ్వని’ అను కేంద్రమును నెలకొల్పినవి. గాలిలో ప్రసారము చేయ వీలులేనందున, 2003లో టెలివిజను కేబులు తీగ మీదనే కంఠమును ఇండ్లకు పంపిరి. పొదుపు సంఘముల స్త్రీలు అందు పాల్గొనిరి. ఊరివారి మాట ఊరివారికే వినబడినది. గనులకు పోయిన తీగ పల్లెల తలల మీదుగా సాగిపోయినది. ఈ తీగ ఇంటిలోనికి వచ్చినది. విద్యార్థులారా, మీరు చేయు యాప్ ఈ రెండింటిలో దేనిని పోలవలెనో మీరే నిర్ణయించుకొనుడు.

ఇక వేళ సంగతి. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడినప్పుడు పాఠములు ఫోనులోనికి వచ్చినవి. మనలో ఎన్ని ఇండ్లలో ఫోను ఒక్కటే ఉండెనో, అదియు తండ్రి జేబులోనే ఉండెనో మీకు తెలియును. మన తాలూకాలో పెక్కుమంది తండ్రులు తెల్లవారుజామున బంగారుపేటలో రైలెక్కి బెంగుళూరునకు కూలికో ఉద్యోగమునకో పోయి రాత్రికి గాని తిరిగిరారు. వారితో ఫోనును పోవును. పట్టపగలు పదిగంటలకు పంపిన పాఠము రైలులో బెంగుళూరు చేరును గాని పిల్లవానికి అందదు. నగరములలో యాప్ చేయువారికి ఈ సంగతి తోచదు. ఇచ్చటి పిల్లలకు చెప్పనక్కరలేదు. ఇందుచేతనే ఈ పని మన పిల్లలే చేయవలెనని నేననుట. రాత్రి ఎనిమిది గంటలకు ఫోను ఇంటికి వచ్చినప్పుడు ఆనాటి బడిమాటలన్నియు ఒకచోట వేచియుండి, నెట్టు లేకున్నను రెండు నిమిషములలో వినబడవలెను. ఇట్టి యాప్ చిన్నదే కావచ్చును. మనకు కావలసినది మాత్రము అదియే.

నమూనా తయారుచేయుటకు తొలుత కంప్యూటరు అక్కరలేదు. కాగితము, పెన్సిలు చాలును. ఫోను తెరయంతటి అట్టముక్కలు కత్తిరించి, ఒక్కొక్క దానిపై ఒక్కొక్క తెరను గీయుడు. వానిని పట్టుకొని పది ఇండ్లకు పొండు. అవ్వ చేతికి ఇచ్చి, “రేపు బడికి సెలవా కాదా తెలుసుకో అవ్వా” అని ఊరకుండుడు. ఆమె వ్రేలు ఎచ్చట ఆగినదో అచ్చట మీ తప్పు ఉన్నదని వ్రాసికొనుడు. ఆమెకు తెలియలేదని అనకుడు. మీరు తెలియజేయలేదని ఎరుగుడు. అట్టముక్క చింపి మరల గీయుట సులభము; యాప్ అంతయు అయిన పిమ్మట దిద్దుట కష్టము.

ఆ తరువాత గాని యంత్రమునొద్దకు పోరాదు. 2010లో గూగుల్ సంస్థయందు పుట్టి, 2012 నుండి అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమువారు నడుపుచున్న ఆప్ ఇన్వెంటర్ అను ఉచిత సాధనము కలదు. అందు ఇటుకలు పేర్చినట్లు ఆజ్ఞలను ఒకదానికొకటి తగిలించి యాప్ కట్టవచ్చును. ముంబయిలోని ధారావి వాడ బాలికలు దీనితోనే యాపులు చేసిరి. వానిలో ‘పానీ’ అనునది వీధికుళాయియొద్ద గంటలకొలది వరుసలో నిలువకుండ, నీళ్ళకు వంతు వచ్చినప్పుడు తెలుపుటకు ఉద్దేశింపబడినది. ఆ బాలికలు తమ బిందెల బరువు తామెరిగినవారు గనుక వారికి ఆ యూహ పుట్టినది.

మన భాష యంత్రమున సరిగా నిలుచునో లేదో గూడ పరీక్షింపవలెను. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థవారి ఐఫోనులలో ‘జ్ఞా’ అను తెలుగు సంయుక్తాక్షరము ఒకానొక రూపమున కనబడినంతనే సందేశముల యాపులు కుప్పకూలినవి. ఆ నెలలోనే వారు దానిని సవరించిరి. లోకమంతట అమ్ముడుపోవు యంత్రము మన ‘జ్ఞానము’ అను మాటలోని మొదటి అక్షరమునకే తట్టుకొనలేకపోయెను! మన ఒత్తులను, దీర్ఘములను మనము పరీక్షింపనిచో మరెవరు పరీక్షింతురు?

పిల్లలకు ఒక భయము కలదు. అది న్యాయమైనదే. “ఈ యాప్ మా మీద ఇంట చాడీలు చెప్పునా?” అని ఒక బాలుడు నన్నడిగినాడు. మార్కులు, గైర్హాజరులు మాత్రమే ఇంటికి మోయు యాప్ పిల్లలకు కావలివాడగును గాని స్నేహితుడు కాదు. అందుచేత త్రోవ రెండు వైపుల నుండవలెను. బడి తల్లికి చెప్పినట్లే తల్లి బడికి చెప్పగలుగవలెను. పిల్లవాడు తాను వ్రాసిన పద్యమును, గీసిన బొమ్మను, తనకు తెలియని లెక్కను పంపగలుగవలెను. మరియు పిల్లల ఫోటోలు, ఇంటి చిరునామాలు, కులము, ఆదాయము వంటివి అడుగనే రాదు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారము తీసికొనుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెననుచున్నది. పిల్లల పోకడలను వెన్నంటి గమనించుటను నిషేధించుచున్నది. చట్టము మాట యటుండగా, అక్కరలేనిది అడుగకుండుట మర్యాద.

“కర్ణాటకములో ఉండి తెలుగు యాప్ ఏల?” అని అడుగువారికి ఒక మాట. తెలుగుతో ఆగుడని నేననుట లేదు. రాష్ట్రభాషయగు కన్నడము మనకు కావలసినదే. దానిని చక్కగా నేర్వని పిల్లవాడు నష్టపోవును. కంఠము ఒకసారి వేరు, మరియొకసారి వేరు గా పెట్టుట కష్టము గాదు. అదే యాప్‌నందు కన్నడ కంఠము, తమిళ కంఠము, ఉర్దూ కంఠము ఆయా ఇండ్ల పిల్లలే పలికి చేర్పవచ్చును. తెలుగు కంఠము మాత్రము ఈ సీమ తెలుగై యుండవలెను. రేడియోలో వార్తలు చదువువారి తెలుగు గాదు. సంగటి ముద్ద ముందర కూర్చుండి మన తల్లులు పలుకు తెలుగు. పుస్తకభాషను బడిలో నేర్వవలెను. ఇంటికి పంపు మాట ఇంటిభాషలోనే పోవలెను.

చివరకు ఉపాధ్యాయులమైన మమ్ములను గూర్చి. యాప్ వచ్చినదిగదా అని మేము ఇండ్లకు పోవుట మానరాదు. అరుగు మీద కూర్చుండి తల్లితో అయిదు నిమిషములు మాటలాడిన పని ఏ యంత్రమును చేయలేదు. అరుగునకు చేరలేని నాడు యాప్ పలుకవలెను. అంతియే దాని హద్దు.

విద్యార్థులారా! తల్లిదండ్రులు ఏమి తెలుసుకొనగోరుచున్నారో, మీకు దేనిని చెప్పుటకు నోరాడకున్నదో, నేటి రాత్రి ఫోను ఇల్లు చేరిన పిదప వారితో కూర్చుండి మాటలాడి ఒక కాగితముపై వ్రాసి తెండు. మీ యాప్‌నకు అదియే మొదటి నమూనా. తల్లిదండ్రులారా! పిల్లలు అట్టముక్కలు పట్టుకొని వచ్చినప్పుడు విసుగుకొనకుడు. అర్థము కానిచో కాలేదని ధైర్యముగా చెప్పుడు. అర్థము కాకపోవుట మీ తప్పు గాదు. ఆ ఒక్క సంగతి మన సీమలోని ప్రతి తల్లికిని తెలిసిన నాడు, ఆ సాయంకాలము నేను చూచిన సిగ్గు మరియొక ముఖమున కనబడదు.